గొర్రెలు మెచ్చిన జీవశాస్త్రం

కొత్త మాస్టారి ఉత్సాహం ఒక బడిని ఎంతవరకు ముంచగలదో తెలుసుకోవాలంటే నన్నడగండి. మడకశిర దగ్గర ఒక పల్లెలో సైన్సు మాస్టారుగా చేరిన మొదటి ఏడాదే ఆ ఘనత సాధించాను.

పదో తరగతి పిల్లల నోట్సులకు ఇంటర్నల్ మార్కులుంటాయి. అవి సరిచూడ్డానికి అధికారి వస్తున్నారనగానే నాకు పూనకం వచ్చింది. భౌతికశాస్త్రానికి నీలం అట్ట, కంప్యూటరుకు ఎరుపు, జీవశాస్త్రానికి ఆకుపచ్చ వేయించాను. వేరు బుడిపెల పాఠానికి బొమ్మ గీస్తే నాకు ఆనలేదు, అసలు చెట్టునే అతికించమన్నాను. మా వైపు బుడిపెల చెట్టంటే ఇంకేముంది, చెనక్కాయ చెట్టే, అదే మీ వేరుశనగ. పిల్లలు దాన్ని ఆకులతో సహా ఎండబెట్టి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అతికించుకొచ్చారు.

అధికారి వచ్చే పొద్దున జిగురింకా తడిగానే ఉంది. నోట్సులన్నీ రంగుల వారీగా వరండాలో ఎండకు తెరిచి పరిచి, మురిసిపోయి, టీ తాగడానికి పోయాను. ఎండిన చెనక్కాయ చెట్టు మా ఊళ్లలో మేత అని, వానల్లేని ఏడాది అది బంగారమని, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన నాకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు చూడండి!

తిరిగొచ్చేసరికి గొర్రెలు కాసే ఓబులేసన్న మంద వరండాలో ఉంది. నీలం, ఎరుపు అట్టల జోలికి పోలేదు. జీవశాస్త్రాన్ని మాత్రం పేజీలతో సహా నమిలేశాయి. నేను అరవబోయేలోగా ఆయనే నా మీదికొచ్చాడు.

"ఏమప్పా సారూ, గొర్లోళ్ల ఇంట్లో పుట్టినోడివి, మేత పరిచిపెట్టి యాడికి పోయినావు? నా జీవాలకు కడుపునొప్పొస్తే ఎవరు చూసుకుంటారు?"

చివరికి క్షమాపణ నేనే చెప్పుకున్నాను.

అధికారి రానే వచ్చారు. ఆకుపచ్చ నోట్సులేవని అడిగారు. పిల్లల మార్కులు నా చేతులారా పోగొట్టానని ఒప్పుకోబోతున్నాను. ముందు బెంచీలోంచి గంగమ్మ అనే పిల్ల లేచింది.

"మా నోట్సు ఓబులేసన్న గొర్రెల కడుపులో ఉండాది సార్. మంద ఆడే ఉండాది, తోలుకొని రమ్మంటారా?"

ఆయన నా ముఖం చూశారు. నేను తలూపాను. నవ్వి నవ్వి, కళ్లజోడు తుడుచుకుని, పాఠం నోటితో చెప్పమన్నారు. ఏటా చేలో ఆ చెట్లు పీకే పిల్లలు కదా, బుడిపెల్లో ఏముంటుందో, నేలకేం మేలో గుక్కతిప్పుకోకుండా చెప్పారు, నా బంగారాలు. అందరికీ మార్కులు పడ్డాయి.

పోతూ పోతూ ఆయన నా చెవిలో అడిగారు: "మాస్టారూ, గొర్రెలక్కూడా వేయమంటారా?"

అందుకే ఓబులేసన్న మంద మీద ఒట్టేసి చెబుతున్నాను. నా సర్వీసు ముగిసేదాకా నోట్సుల్లో గొర్రెలు మూతి పెట్టని జిల్లేడాకు తప్ప ఇంకే ఆకూ అతికించనివ్వను.