గెడ్డ ఒడ్డున అత్త తోట

మా మేనత్త పోయిందని మొన్న సోమవారం పొద్దున్న తమ్ముడు ఫోన్ చేశాడు. విశాఖలో బస్సెక్కి ఆఫీసుకు వెళ్తున్నాను. తర్వాతి స్టాపులో దిగిపోయి, మా ఊరికి, పద్మనాభం వైపు వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను. ఆ కాసేపట్లోనే ఆమె గొంతు ఎన్నిసార్లు వినిపించిందో.

నేను ప్రభుత్వ ఇంజనీరింగ్ ఆఫీసులో గుమస్తాని. ఏటా బడ్జెట్ చదివిన రోజు సాయంత్రం అత్త తప్పకుండా ఫోన్ చేసేది. "ఒరే, మన గెడ్డ పేరు సదివారేట్రా?" అనేది. మా ఊరికీ తారురోడ్డుకీ మధ్య పారే, వంతెన లేని ఏరు ఆ గెడ్డ. వానాకాలం పొంగిందంటే కోసిన కూరగాయలు గట్టుమీదే కుళ్లిపోయేవి. ఆడపిల్లలు కాలేజీ మానేసేవారు.

ఒక ఏడు నిజంగానే వంతెనకు నిధులు కేటాయించారు. సంబరంగా చెప్పాను. వానలు వచ్చాయి, వెళ్లాయి, ఒక్క రాయి పడలేదు. కేటాయించడం వేరు, విడుదల కావడం వేరు అని వివరించబోయాను.

"మబ్బులో వానకి నారు బతకదురా. మడిలోకి దిగాల," అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పని గురించి ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు లేరు.

మరో ఏడు డబ్బు దిగింది. కానీ వంతెన దిగేచోట రోడ్డుకు స్థలం లేదు. మార్చి నెలాఖరులోగా పని మొదలుకాకపోతే నిధులు వెనక్కి పోతాయి. కావలసిన చోటు అత్త వంకాయ తోట. మావయ్య పోయాక ఆమెను నిలబెట్టిందీ, నన్ను చదివించిందీ ఆ తోటే. చెప్పడానికి నాకు నోరు రాలేదు. సర్వేకి వచ్చినవాళ్ల దగ్గర విని ఆమే ఫోన్ చేసింది.

"ఏట్రా, నాకు సెప్పలేదు?"

"నీకు ఇంకో ఆధారం లేదు కదత్తా."

"పండింది గెడ్డ దాటకపోతే ఏ తోటయితే ఏటి? కాయితం అట్టుకుని రా. నాను ఏలిముద్ర ఏత్తాను."

వేసింది. వేలు చీరకొంగుకు తుడుచుకుని, కాపు మీదున్న మొక్కలకేసి చూసింది. "కోత అయ్యేదాకా ఆగమని సెప్పు," అంది. అడిగాను. గడువు ఆగనివ్వలేదు.

ఇప్పుడు తెల్లారేసరికి వ్యాను ఊళ్లోకే వస్తుంది. ఆడవాళ్లే తగరపువలస సంతకు వెళ్లి తమ ధర తాము చెప్పుకుంటున్నారు. వానల్లోనూ పిల్లలు కాలేజీకి వెళ్తున్నారు. అత్త మాత్రం ఇంకొకరి తోటల్లో కాయలు కోయడానికి కూలికి వెళ్లేది. మా దగ్గరికి వచ్చెయ్యమంటే నవ్వేసేది. నేనూ గట్టిగా అడగలేదేమో. మా ఫైల్లో మాత్రం ఇదంతా 'పని పూర్తయింది' అనే రెండు మాటలు.

వంతెన తెరిచిన రోజు గుర్తొస్తోంది. పెద్దలూ మైకులూ వెళ్లిపోయి ఎండ తగ్గాక, అత్త కూలిపని నుంచి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, కొత్త సిమెంటు మీద మట్టికాళ్లతో నెమ్మదిగా నడిచింది. మధ్యలో ఆగి, కింద పారే నీళ్లు చూస్తూ ఉండిపోయింది. ఈ ఒడ్డున నిలబడి పిలిచాను.

"వత్తన్నాన్రా," అంది గానీ కదల్లేదు.