మంగళవారం కడుపునొప్పి

బెంగళూరు పీణ్యలో నేను పనిచేసిన కార్ఖానాకు వారపు సెలవు మంగళవారం. కరెంటు చాలక ఆ రోజుల్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో రోజు యంత్రాలు ఆపించేవారు. మా వంతుకు మంగళవారం వచ్చింది. మా ఆవిడ పనిచేసే బ్యాంకుకూ, పాప బడికీ ఆదివారం సెలవు. 1994 నుంచి తొమ్మిదేళ్ళు, పండుగలు మినహాయిస్తే, మేం ముగ్గురం పగలంతా కలిసి ఉన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

నేను కొలతల గదికి ఇన్‌చార్జిని. యంత్రం మీదనుంచి దిగిన వస్తువును వేడిగా ఉండగా కొలిస్తే మైక్రాన్ల తేడా వస్తుంది. అందుకని ఇరవై డిగ్రీల గదిలో, నల్లరాతి బల్లమీద, దానిని నాలుగు గంటలు ఊరకే ఉంచాలి. ఉత్పత్తి సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి, "ఏమప్పా, నీ ఇనుముకు ఇంకా నిద్ర తీరలేదా?" అని ఎగతాళి చేసేవాడు. నేను ఒక్క నిమిషం తగ్గించేవాణ్ణి కాదు. ఆ పట్టుదలవల్ల నాకు పేరు వచ్చింది, పేరు వెంట మొదటి షిఫ్టుతోపాటు రెండో షిఫ్టు బాధ్యతా వచ్చింది. మంగళవారం పగలంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాణ్ణి.

పాప రెండో తరగతిలో ఉండగా కడుపునొప్పి మొదలైంది. ఉదయం ఏడున్నరకు, బడి ఆటో వచ్చే వేళకు, బొడ్డుమీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. మా ఆవిడ దానిని నా దగ్గర వదిలి బ్యాంకుకు వెళ్ళేది. మధ్యాహ్నానికి నొప్పి ఉండేది కాదు. డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చాడు, గుణం కనిపించలేదు. అప్పుడు నేను గ్రాఫు కాగితం తీశాను. అడ్డంగా తేదీలు, నిలువుగా నొప్పి ఉన్న గంటలు, కింద ముందురోజు తిన్న పదార్థాలు. తొమ్మిది వారాల్లో ఏడుసార్లు నొప్పి వచ్చింది, ఏడూ మంగళవారాలే. ఆ రోజు బడిలో దానిని భయపెట్టేదేదో ఉన్నదని నిర్ణయించాను. లెక్కల టీచరు మీద అనుమానం.

మరుసటి మంగళవారం పాపను పక్కింటావిడకు అప్పగించి, కాగితం జేబులో పెట్టుకుని బడికి వెళ్ళాను. క్లాసు టీచరు టైంటేబులు చూపించింది. మంగళవారం లెక్కలే లేవు. పొద్దున బొమ్మలు వేయడం, మధ్యాహ్నం ఆటలు. పిల్లలందరికీ ఇష్టమైన రోజు అదేనని ఆమె అన్నది. తిరిగి వచ్చేసరికి పాప పక్కింటి గడపమీద కూర్చుని ఏడుస్తోంది. నొప్పిగా ఉందా అని అడిగితే కాదంది. ఎందుకు ఏడుస్తున్నదో చెప్పలేదు.

సాయంత్రం మా ఆవిడ ఆ కాగితాన్ని చేతిసంచి దించకుండానే చదివింది. ఆమెది మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం.

"ఇన్ని రాసినారు. మంగళవారం ఇంట్లో ఎవరు ఉండారో అది రాయలేదే?" అంది.

నేను కాగితం అందుకుని మళ్ళీ చూశాను.

"మీరు పండుకోనుంటే పక్కన కూర్చోని బొమ్మలు వేసుకుంటా ఉండాది. ఎప్పుడు లేస్తారా అని చూస్తా ఉండాది. అంతే దాని నొప్పి."

మర్నాడే ఒక పట్టిక తయారుచేశాను. ప్రతి మంగళవారం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు పాపతో గడపాలి. బదులుగా అది మానకుండా బడికి వెళ్ళాలి. పాప ఒప్పుకుంది. నాలుగు వారాలు సాగింది. రెండుసార్లు శాంకీ చెరువు గట్టుమీద నడిచాం. ఐదో వారం కొలత యంత్రాన్ని సరిచూసే ఇంజినీరు వచ్చాడు. కొలతల గదికి జనరేటరు ఉంది. చుట్టూ యంత్రాలన్నీ ఆగి, నేల అదరని రోజు మంగళవారం ఒక్కటే, అందుకని ఆ రోజు వెళ్ళాను. ఆ తరువాత ఆడిట్ వచ్చింది. ఆడిట్ ముగిశాక కూడా నేను మంగళవారాలు వెళుతూనే ఉన్నాను. ఆ నిశ్శబ్దంలో పని బాగా సాగేది.

పాపకు మళ్ళీ కడుపునొప్పి రాలేదు. గ్రాఫులో ఇరవై వారాలు వరుసగా సున్నాలు పెట్టాను. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ సున్నాలు చూసి జబ్బు నయమైందని సంతోషించాను. నేను ఇంట్లో లేకపోతే దానికి నొప్పి రావలసిన అవసరమే లేదన్న సంగతి నాకు తోచక కాదు. తోచనివ్వలేదు.

2003లో, రావలసిన ప్రమోషను వదులుకుని, జిగణిలోని మా రెండో యూనిట్‌కు మారాను. అక్కడ ఆదివారం సెలవు. అందుకోసమే అడిగి మారానని ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ "ఇప్పుడా?" అంది.

మొదటి ఆదివారం పెందలాడే లేచి, గడ్డం గీసుకుని, ముగ్గురం లాల్‌బాగ్ వెళదామన్నాను. పాప అప్పటికి తొమ్మిదో తరగతి. పుస్తకాల సంచి సర్దుకుంటూ ఆగి, గోడ గడియారం వైపు చూసింది.

"పదకొండుకు నాకు ట్యూషన్ ఉండాది నాన్నా. అంతలోపల వచ్చేస్తామా?"

బస్సు కోసం నిలబడటం, మెజెస్టిక్ బస్టాండులో మారడం, తిరుగు ప్రయాణం అన్నీ లెక్కవేశాను. లోపల నడవడానికి పదిహేను నిమిషాలు మిగిలాయి. వచ్చే వారం వెళదామన్నాను.

"సరే నాన్నా" అంది. ఆ మాటలో కాస్త కోపం వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాను. వినిపించలేదు. సంచి భుజాన వేసుకుని, నాకు చెప్పే వెళ్ళింది.

వచ్చే ఆదివారం కూడా ట్యూషను పదకొండుకే అన్న సంగతి మా ముగ్గురికీ తెలుసు.