డెవలపర్ సీసాలో నా గోలీలు

అటక మీది గోధుమరంగు సీసా దించితే లోపల గోలీలు గలగలమన్నాయి. మా ఈడు వాళ్లారా, మీ గోలీలు ఎక్కడ పోయాయో తెలియదు గానీ, నావి ఇక్కడున్నాయి.

హుజూరాబాద్‌లో బాపుకు ఫోటో స్టూడియో ఉండేది. రీలు కడిగినప్పుడల్లా ఈ సీసాలోని డెవలపర్, అంటే ఫోటోలు కడిగే మందు, కొంచెం తీసి నీళ్లు కలిపేవాడు. సీసాలో ఖాళీ అయిన మేరకు నా గోలీలు కడిగి వేసేవాడు.

"గాలి తాకితె మందు సత్తువ పోతది బిడ్డా. జర గోలీలియ్యి."

తిరిగి ఎప్పుడిస్తావని రోజూ అడిగేదాన్ని.

నన్ను కన్న అవ్వ పోయిన రోజుకు ఆమె ఫోటో ఉన్న ఒకే ఒక్క రీలు ఇంకా కడగలేదు. కొత్త మందు దొరకలేదు. బాపు ఈ సీసానే తీశాడు. గోలీల నడుమ మిగిలిన పాత మందుకు సత్తువ ఇంకా ఉంది.

గోడ మీద అవ్వ ఇప్పటికీ తేటగా నవ్వుతోంది. ఆ తర్వాత నేను గోలీలు అడగలేదు.