పట్టు ఆరేసిన నెట్ వైరు

ధర్మవరంలో మా ఇంటికి మొన్ననే ఇంటర్నెట్ వచ్చింది. ముందుగదిలోని మోడెమ్ నుంచి మగ్గం గదిలోని కంప్యూటర్ దాకా నడవ పొడవునా వైరు లాగించాం. ఈ రోజు బెంగళూరు షాపాయనకు కొత్త చీర ఫొటోలు పంపుతుంటే సగంలో నెట్ పోయింది. ఆయనేమో ఫోన్ మీద ఫోన్.

మెకానిక్‌ను పిలిపించాను. అతను నడవలోకి వచ్చి అలాగే నిలబడిపోయాడు. అమ్మ పొద్దున రంగు వేసిన తడి పట్టునూలంతా ఆ వైరు మీదే వేలాడుతోంది. బరువుకు వైరు మోడెమ్‌లోంచి ఊడిపోయింది.

"అక్కా, ఇది నెట్టు వైరు! దీని మీద ఆరేసినావా?"

"నాకేం తెలుసప్పా? పట్టు నీడన ఆరాల. నీడలో ఇంత బిగువుగా కట్టింటే, నాకోసమే కట్టినారనుకుంటి."

అతను నవ్వాపుకుంటూ, వైరు మళ్లీ గుచ్చినా ఊడేదేనని, వైరు అక్కరలేని వైర్‌లెస్ పెట్టె తెచ్చి బిగించాడు. ఫొటోలు వెళ్లాయి, షాపాయన చీర ఖాయం చేశాడు. మెకానిక్ పాత వైరు విప్పబోతే అమ్మ అడ్డం వచ్చింది.

"దాన్ని ముట్టొద్దప్పా, ఇంకా తడి ఆరలా."

సరే, వైరు అమ్మకే వదిలేశాం. ఇందాక చూస్తే కొత్త పెట్టె మీది రెండు యాంటెన్నాలకూ నూలు చుట్టిన కండె చెరొకటి తొడిగి ఉంది. నెట్ మాత్రం భేషుగ్గా వస్తోంది. తీసేయమని అమ్మకు ఎవరు చెప్తారు, మీరు చెప్తారా?