బాపు వేలు, బాణం గుర్తు

తెలంగాణ రాకముందు మాట. మా బావ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో నేను ఎక్కించిన ఆపరేటింగ్ సిస్టం దానికోసం చేసింది కాదు. వేరే కంపెనీ తన సొంత మిషన్లకే చేసుకున్నది. "గది దీంట్ల నడ్వదు మరదలా, ఇడ్సిపెట్టు" అన్నాడు బావ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తెర వెలిగింది, పాటలు మోగాయి. వేలితో బాణం గుర్తును కదిపే టచ్‌ప్యాడ్ ఒక్కటే ఉలకలేదు, పలకలేదు. మౌస్ పెడదామంటే దాన్ని గుచ్చే సందులు అప్పటికే విరిగిపోయాయి.

ఆ వారమే మా బాపు మోకాళ్లు చూసి దవాఖానలో ఇక బొగ్గుబాయిలోకి దిగొద్దన్నారు. ఆఫీసులో కంప్యూటర్ మీద హాజరు ఎక్కిస్తావా, గేటు దగ్గర కూర్చుంటావా, సోమవారం చెప్పమన్నారు బాయి మీది ఆఫీసర్లు.

"గేటే నయం బిడ్డా. గా ఆఫీసు పిలగాండ్ల ముంగట నవ్వులపాలైత" అన్నాడు బాపు. ముప్పై ఏళ్లు బొగ్గు ఎత్తిన మనిషి ఒక మిషన్‌కు జంకడం నాకు కష్టంగా అనిపించింది. ఇంట్లో చెయ్యి తిరిగితే ఆ భయం పోతుందనుకున్నాను.

షేర్ ఆటోలో చౌరస్తా నెట్ సెంటర్‌కు మూడుసార్లు తిరిగాను. టచ్‌ప్యాడ్ పనిచేయడానికి ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టిన ఫైళ్లు సీడీలో తెచ్చి ఎక్కించాను. ఆదివారం పొద్దున మూడో ఫైలుకు బాణం కదిలింది! నా కేకకు బాపు పళ్లపుల్ల నోట్లో పెట్టుకునే వచ్చాడు.

"ముట్టు బాపూ!"

ముట్టాడు. కదల్లేదు. నేను ముడితే పరుగు, ఆయన ముడితే మొద్దు.

"సూశినవా, దానికి గూడ ఎర్కే" అని లేచాడు. ఆ మాటకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఆయన చెయ్యి లాక్కుని చూశాను. తట్టా, బొగ్గెత్తే చెమ్మస్ పారా పట్టీ పట్టీ వేళ్ల కొసలు చెప్పు తోలంత మందం.

ఎంత ఒత్తిడి పడితే అది వేలని టచ్‌ప్యాడ్ నమ్మాలో చెప్పే అంకె ఒకటి ఫైలులో ఉంది. తగ్గించాను. మళ్లీ తగ్గించాను. నాలుగోసారి బాపు వేలి కింద బాణం తెర మూలకు దూసుకుపోయింది. "అరె! అరె!" అని ఆయన నవ్వుతుంటే నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడు నా వేలు సరిగా ఆనకముందే బాణం పిచ్చెత్తినట్టు గెంతుతోంది. గెంతనీ.

సాయంత్రం దాకా బాపు అక్కణ్ణుంచి లేవలేదు. అమ్మ పెట్టిన చాయ్ చల్లారిపోయింది. "రేపు గేటు కాడికేనా బాపూ?" అన్నాను, ఉడికించడానికి.

ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు. "గేటుకు ఇంకెవల్నన్న సూస్కోమంట. ఆఫీసుల మిషన్ గూడ నా ఏలుకు అలవాటు గావాలె గదా."