కోడలి మీద వేసిన పాపం

మా మనవరాలు పై పెదవి చీలి పుట్టింది. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. బిడ్డ లోపానికి పేరు పెడుతూనే తల్లి మీద నేరం మోపేస్తుంది. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ బయటికొచ్చిందనో, కత్తిపీట ముందు కూర్చుందనో, ఆ పాపం బిడ్డకి తగిలిందని దాని అర్థం.

చూడడానికి వచ్చినవాళ్ళు ముందు పిల్లని చూసి "పాపం" అనేవారు. తరవాత మా కోడలి వైపు తిరిగి, "గ్రహణం రోజు ఏం చేశావమ్మా?" అని అడిగేవారు. మేమిచ్చిన కాఫీ తాగి మరీ అడిగేవారు. కోడలు ఉగ్గుగిన్నెతో పాలు పడుతూ తల ఎత్తేది కాదు. సగం పాలు పిల్ల మెడ మీదికి కారిపోయేవి.

ఐదో నెలలో కాకినాడ డాక్టరుగారు పిల్ల బరువు సరిపోయిందన్నారు. సోమవారం ఆపరేషన్‌కి తీసుకురమ్మన్నారు. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో చెప్పలేమన్నారు. ఆ ముందు శుక్రవారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడ నోరు విప్పింది.

"పిఠాపురంలో శాంతి చేయించాకే దాని ఒంటి మీద కత్తి పెట్టించాలండి. వచ్చే నెల దాకా మంచిరోజు లేదు. పాపం పోకుండా కుట్లేస్తే నిలుస్తాయా?"

"ఏం పాపం?" అన్నాను.

"ఆ గ్రహణం రోజు మీ కోడలు బెండకాయలు తరగలేదూ? నా కళ్ళతో చూశాను."

"లేదండి అత్తయ్యగారూ" అంది కోడలు.

మా అబ్బాయి పప్పు కలుపుకుంటూ, "ఒక్క నెలే కదా" అన్నాడు.

నాకు కోపం వస్తే కాగితాలు వెతుక్కుంటాను. కాలవ లాకుల దగ్గర నీటిమట్టం రాసే ఉద్యోగం చేసినవాణ్ణి. ఇంట్లో జరిగేవీ అలాగే పూటపూటకీ రాస్తాను. చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి డైరీ తెచ్చి, గ్రహణం నాటి పేజీ పైకి చదివాను.

"పట్టు నుంచి విడుపు దాకా కోడలు గదిలో పడుకునే ఉంది. కిటికీకి నేనే దుప్పటి కట్టాను. పొయ్యి వెలిగించలేదు. బాగా ఉక్కగా ఉంది."

"విన్నావా? పొయ్యి వెలగని పూట బెండకాయలు ఎవరికోసం తరిగింది?" అన్నాను. కేసు గెలిచిన ప్లీడరులా అందరి మొహాలూ చూశాను.

"అవున్లెండి, మీ పుస్తకం ముందు నా కళ్ళెంత" అంది మా ఆవిడ.

కోడలు మాత్రం కంచం ముందునుంచి లేచింది. "నేను తరిగే ఉంటే ఏంటి మావయ్యగారూ? అప్పుడు దానికి ఆపరేషన్ వద్దా?"

అప్పుడు నా మీద నాకు వచ్చినంత కోపం మా ఆవిడ మీద కూడా రాలేదు. చదువుకున్నవాణ్ణి. నిండు కడుపుతో ఉన్న పిల్లని ఆ ఉక్కలో కదలకుండా పడుకోబెట్టి, వేళలు రాసుకున్నాను. ఇప్పుడు అదే చూపించి ఆ అమ్మాయి తప్పు చెయ్యలేదని సాక్ష్యం చెప్పాను. బెండకాయ తరగడం తప్పేనని ఒప్పుకున్నాకే కదా ఆ సాక్ష్యం. అన్నం పారేస్తే పాపమని, పుస్తకం కాలికి తగిలితే పాపమని పిల్లలకి నేర్పాం. పసిదానికి అందుతున్న వైద్యం ఆపడాన్ని మాత్రం భక్తి అంటున్నాం.

"సోమవారానికి కారు చెప్తున్నాను" అన్నాను.

"శాంతి లేకుండా తీసుకెళ్తే ఆ పాపం మీకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ."

సోమవారం నేనూ కోడలూ పిల్లని తీసుకుని వెళ్ళాం. మా అబ్బాయి గుమ్మం దాకా వచ్చి, సెలవు దొరకలేదన్నాడు. ఆసుపత్రి కాగితాల మీద కోడలే సంతకం పెట్టింది. పిల్లని లోపలికి తీసుకెళ్ళాక ఇద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది.

"లోపలికి తీసుకెళ్ళిపోయారా? అమ్మాయి ఏమైనా తిందా? ఒకసారి ఫోన్ తనకివ్వండి."

ఇవ్వబోయాను. కోడలు ఫోన్ వైపు చూడలేదు.

"చేతులు ఖాళీ లేవని చెప్పండి మావయ్యగారూ."

రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగానే ఉన్నాయి. నేను ఆ అమ్మాయి చెప్పమన్నదే చెప్పాను.