కజికావా ఎడమ చెయ్యి

కజికావా పదిహేనో ఏట పరంజీ ఎక్కాడు. ఆయన తర్వాత నాలుగేళ్లకు నేను హైస్కూలు మొదటి ఏడాదిలోనే మానేసి అదే మేస్త్రి దగ్గర చేరాను. అమగసాకి అనే ఊళ్లో మా మేస్త్రి కింద పదకొండు మందిమి. పరంజీ కట్టేటప్పుడు ఇనప పైపులు కింది నుంచి పైకి చేతుల మీదే వెళ్తాయి. నేను ఎత్తి అందిస్తే, పై వరసలో కజికావా కుడి చెయ్యి నిలువు పైపుకు చుట్టుకుని ఎడమ చేత్తో అందుకునేవాడు. పట్టు దొరికాక "హొయ్" అనేవాడు, అప్పుడు నేను వదిలేవాణ్ణి. ముప్పై అయిదేళ్లు అలా అందించాను. ఒక్క పైపు కూడా నా నెత్తిన పడలేదు.

కిందటేడు ఫిబ్రవరిలో, పని మొదలెట్టే ముందు అందరం కసరత్తు చేస్తుంటే ఆయన ఎడమ చేతిలోంచి గ్లౌజు జారింది. వంగి తీస్తే మళ్లీ జారింది. నవ్వాం. మూడోసారి జారాక ఎవరమూ నవ్వలేదు. తలలో చిన్న నరం పూడుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం చెప్పిన పని చేస్తుంది గాని, కాస్త ఆలోచించుకుని చేస్తుంది.

మేస్త్రి ఆయనకు ఎర్ర లైటు కర్ర ఇచ్చి, గేటు దగ్గర లారీలకు దారి చూపించే పనిలో పెట్టాడు. ముప్పై తొమ్మిదేళ్లు పైనుంచి లారీల కప్పులు చూసిన మనిషి ఇప్పుడు వాటి చక్రాలు చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, తలెత్తి పరంజీకేసి చూస్తూ కూచునేవాడు. అన్నం చల్లారిపోయేది.

ఆసుపత్రిలో చేతికి కసరత్తు నేర్పే అమ్మాయి, రెండు చేతులూ తాళానికి ఆడే పని ఏదో ఒకటి రోజూ చెయ్యమందట. పాట పాడమన్నా పాడని మనిషికి తాళమేమిటి? ఆ సంగతి అక్కడే వదిలేశాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం, పని దిగి వస్తూ, నేనూ కజికావా స్టేషన్ పక్క బజారులో మేడ మీది గేముల హాలుకు ఎక్కాం. బాత్‌రూము కోసమే. మెట్ల పక్కనే డోలు ఆట ఉంది. తెర ముందు పెద్ద డోలు, తాడు కట్టిన రెండు కర్రలు. పాట వస్తుంటే తెర మీద ఎర్రవీ నీలంవీ బిళ్లలు కుడి నుంచి ఎడమకు దొర్లుకుంటూ వస్తాయి. చివర ఉన్న గుండ్రంలోకి బిళ్ల రాగానే కొట్టాలి. ఎర్రదైతే తోలు మీద, నీలమైతే అంచు మీద. సరిగ్గా కొట్టిన కొద్దీ పైన పట్టీ నిండుతుంది. పాట అయ్యేలోపు అది గీత దాటితే గెలిచినట్టు. మియోషి అనే ఆవిడ ఆడుతోంది, హాల్లో అందరూ మియోషిసాన్, అంటే మియోషిగారు అంటారు. బడి వంటగదిలో పని ఆవిడది, నలభై అయిదుంటాయి. గట్టి చెక్కతో తనే చెక్కుకున్న కర్రలు తెచ్చుకుంటుంది. కజికావా ఆమె చేతులు చూస్తూ బాత్‌రూము సంగతే మర్చిపోయాడు.

ఆవిడ పక్కకు తప్పుకున్నాక ఈయన నిలబడ్డాడు. అన్నిటికన్నా తేలికైన పిల్లల పాట పెట్టి, గూటం వేసినట్టు కొట్టాడు. బిళ్లలన్నీ గుండ్రం దాటిపోయాక పడుతున్నాయి దెబ్బలు. మియోషిసాన్ వెనకనుంచి చూసి చూసి, "అది పోయి చాలాసేపయింది పెద్దాయనా, ఇంక కొట్టకండి పాపం" అంది.

అలా మొదలైంది. కర్రలు బిగపట్టొద్దనీ, కొట్టాక వాటంతటవి లేవనివ్వమనీ ఆవిడ చెప్పింది. గుండ్రంకేసి చూస్తే ఎప్పుడూ ఆలస్యమే, ఇంకా రాబోయే బిళ్లల్ని చూడమంది. బిళ్లలు మెల్లగా వస్తే తేలికని ఈయన అనుకున్నాడు. మెల్లగా వస్తే ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపుగా వస్తాయి, ఏది ముందో తెలియదు. ఆవిడ వేగం పెంచి చూపించింది. బిళ్లలు విడివిడిగా వచ్చాయి. ఇన్నాళ్లూ లారీల్ని మెల్లగా రమ్మని తప్పు చేస్తున్నానేమో అన్నాడు కజికావా.

రోజూ పని దిగాక అరగంట. వెనక ఎవరైనా నిలబడితే దిగి, వాళ్ల వెనక వరసలో నిలబడేవాడు. నేను బెంచీ మీద డబ్బా కాఫీ తాగుతూ కూచునేవాణ్ణి. మా వాళ్లకు తెలిసి ఆటపట్టించారు. వచ్చే ఏడు ఆగస్టు జాతరలో రథం మీద డోలు నువ్వే వాయించాలి, జీతం లేదు గాని సారా మేం పోస్తాం అన్నారు. ఆయన నవ్వేశాడు. జూన్‌కు తేలిక పాటలన్నీ దాటాడు. సెప్టెంబరులో కష్టం అని రాసున్న వరసలో ఒక పాట గీత దాటింది. ఆ రోజు బెంచీ మీద నాకు కళ్లు చెమర్చాయి. ఒప్పుకుంటాను.

నవంబరులో పద్నాలుగు అంతస్తుల పని మొదలు కావాలి. మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు. కజికావాను పైకి ఎక్కించాలా వద్దా అని అడిగాడు. "కింద నుంచి అందించేది నువ్వు. జారితే నీ తల మీదే. నువ్వు ఊఁ అంటే ఎక్కిస్తా, లేకపోతే లేదు."

నేను ఊఁ అన్నాను. ఆట సంగతి కూడా చెప్పాను. మేస్త్రికి అర్థం కాలేదు గాని, నా మొహం చూసి సరేనన్నాడు.

ఆ వారంలోనే, కజికావా చిల్లర మార్చుకోవడానికి వెళ్లినప్పుడు, మియోషిసాన్ వచ్చి నా పక్కన కూచుంది. ఆయన మళ్లీ పరంజీ ఎక్కుతున్నాడటగా అంది. అవునన్నాను. ఆవిడ తన కర్రల చివర్లు వేలితో తడిమి చూసుకుంది.

"ఆయన ఎడమ చెయ్యి కొట్టడం లేదు. లేస్తుంది, దిగుతుంది, అంతే. అన్నీ కుడిచెయ్యే కొడుతోంది. ఏ చేత్తో కొట్టావని ఆట అడగదు కదా."

కజికావా వచ్చి ఆట పెట్టాడు. అయిదు నెలలు నేను తెరనే చూశాను. ఆ రోజు మొదటిసారి చేతులు చూశాను. వరసగా నాలుగు బిళ్లలొస్తే కుడి కర్ర నాలుగుసార్లు దిగింది. ఎడమ కర్ర ప్రతిసారీ కాస్త వెనకగా తోలును తాకింది, చప్పుడు లేకుండా. పట్టీ నిండింది. గెలిచావు అంది తెర.

నేను లేచి వెళ్లాను. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని ఒక్క పాట ఆడమన్నాను. ఆయన నాకేసి చూసి, కుడి కర్ర డోలు మీద పెట్టి, చెయ్యి జేబులోకి దోపాడు. మొదటి రోజు పెట్టిన ఆ పిల్లల పాటే పెట్టాడు. పట్టీ సగం కూడా నిండలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"జూలై నించి తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మేస్త్రికి ఊఁ అనవు."

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఇంట్లో నా కోసం ఎదురుచూసే కూతురు గుర్తొచ్చింది. పైకెక్కితే ఎడమ చెయ్యి దానంతటదే పాత సంగతి గుర్తు తెచ్చుకుంటుందనుకున్నానని ఆయన మెల్లగా చెప్పాడు. నిజంగానే అలా అనుకున్నాడు. నా తల గురించి ఆలోచించలేదా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆలోచించే ఉంటాడు, అదే కదా అంతకన్నా బరువు.

మేస్త్రికి నేను చెప్తానన్నాను.

"వద్దు. నువ్వు ఊఁ అన్న మాట వెనక్కి తీసుకోకు. నేనే చెప్తా."

మర్నాడు పొద్దున కసరత్తు అయ్యాక, అందరూ హెల్మెట్లు బిగించుకుంటున్నప్పుడు, కజికావా మేస్త్రి ముందు నిలబడి నడుం దాకా వంగాడు. ఎడమ చెయ్యి రాదని, వచ్చినట్టు కనబరిచానని, అందులో ఊఁ అన్నవాడి తప్పేమీ లేదని చెప్పాడు. పది మంది ముందు చెప్పాడు. రథం డోలు మాట ఎవరూ ఎత్తలేదు. మేస్త్రి ఎర్ర లైటు కర్ర తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. ఆయన కూడా రెండు చేతులతో తీసుకున్నాడు.

నవంబరులో నా పైన ఒకాబె అనే ముప్పై ఏళ్ల మనిషి నిలబడ్డాడు. మంచి పనివాడు. గట్టిగా కేక వేస్తాడు, అలవాటు కావడానికి నాకు నెల పట్టింది.

మేస్త్రికి చెప్పిన రోజు నుంచి కజికావా పది రోజులు హాలు వైపు పోలేదు. పదకొండో రోజు మియోషిసాన్ బజారులో కనబడి, వచ్చాడు అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఎక్కి చూశాను. పిల్లల పాట. కుడి, ఎడమ, కుడి, ఎడమ, పెదాలు కదుపుతూ. ఎడమ వంతు వచ్చినప్పుడు బిళ్ల దాటిపోయినా సరే, కుడి చేత్తో అందుకోకుండా పోనిస్తున్నాడు. గీత దాటలేదు. వెనక ఇద్దరు పిల్లలు నిలబడితే దిగిపోయి వాళ్ల వెనక నిలబడ్డాడు. సెప్టెంబరులో దాటిన పాట ఈ మార్చి దాకా ముట్టుకోలేదు.

మొన్న తేలిక పాటల తర్వాతి వరసలో ఆరోది దాటాడు, రెండు చేతులతోనూ. ఆ సంగతి మేస్త్రి చెవిన పడ్డట్టుంది. పని మధ్యలో గేటు దగ్గరికెళ్లి, ఈసారి నన్ను కాదు, కజికావానే అడిగాడు, ఎక్కుతావా అని.

కజికావా ఒక సిమెంటు లారీని వెనక్కి రప్పిస్తున్నాడు. కర్ర ఎడమ చేతిలో ఉంది. లారీ ఆగేదాకా మేస్త్రి వైపు తిరగలేదు.

"ఎడమ చెయ్యి ఇంకా ఆలస్యంగానే వస్తోందండీ."

మేస్త్రి మళ్లీ అడగలేదు. కజికావా డ్రైవరుకు చెయ్యెత్తి, గేటు మూశాడు.